డీఓసీ 0 నుంచి 104 దాకా: ఒక రొయ్యల పంటకాలంలో ఇంటి పద్దు

ఇది గుంటల లెక్క కాదు. మేత, సీడు (రొయ్య పిల్లలు), డీజిలు, లీజు లెక్కలకు వేరే పుస్తకం ఉంది, అది ఎప్పుడూ సరిగ్గానే ఉంటుంది. ఇది గుంట మీద ఉండే మనిషి ఇంటి లెక్క. నెల్లూరు టౌన్లో ఇల్లు, మైపాడు రోడ్డు వైపు రెండు వనామీ రొయ్యల గుంటలు, ఇంట్లో భార్యాభర్తలు ఇద్దరు. పంట ముదిరేకొద్దీ పని గంటలు పెరుగుతాయి. దాంతోపాటు సొంత ఖర్చు ఎటు పోతోంది, చుట్టాలూ స్నేహితులూ ఎటు పోతున్నారు అన్నది ఒకే పుస్తకంలో పట్టడం, వాళ్ళతో కలిసి మేం పెట్టుకున్న ఈ ప్రాజెక్టు పని. రోజులు లెక్కపెట్టడానికి గుంట మీద వాడే డీఓసీనే (డేస్ ఆఫ్ కల్చర్, అంటే సీడు వదిలాక గడిచిన రోజులు) వాడాం. సీడు వదిలిన 2025 మార్చి 1 సున్నా. నెలలకంటే ఇదే నయం, ఎందుకంటే ఆ ఇంట్లో పని జీతం తారీఖును బట్టి కాదు, రొయ్య వయసును బట్టి నడుస్తుంది.

సీడుకు ముందు, పది రోజులు

కావలసిన సామాను: 200 పేజీల పొడుగు నోటు పుస్తకం ఒకటి, నూలుదారంతో కట్టిన పెన్ను ఒకటి (కట్టకపోతే మూడో రోజుకే మేత పుస్తకంలోకి పోతుంది), రెండు నెలల బ్యాంకు స్టేట్‌మెంటు, ఇంట్లో ఉన్న పాత చదివింపుల పుస్తకం. ఈ చివరిది ఎందుకో మే నెలలో తెలిసింది.

పేజీకి ఐదు గడులు: డీఓసీ, గంట, ఎంత, దేనికి, అక్షరం. చాలామంది పద్దుల్లో రెండో గడి ఉండదు. టీకి 15 రూపాయలు అని ఉంటుంది గానీ ఎన్ని గంటలకో ఉండదు. ఉదయం ఆరున్నరకు తాగిన టీ, రాత్రి పన్నెండున్నరకు తాగిన టీ ఒకే ధర అయినా రెండూ ఒక ఖర్చు కాదు.

అక్షరాలు నాలుగే. ‘ఇ’ అంటే ఇల్లు: బియ్యం, గ్యాసు, ఫీజులు, మందులు. ‘టై’ అంటే టైము కొన్న డబ్బు. ‘నీ’ అంటే నీరసం మీద పెట్టింది. ‘చు’ అంటే చుట్టరికం. టైముకీ నీరసానికీ తేడా పట్టడమే కష్టం. దానికి ఒకే ప్రశ్న పెట్టుకున్నాం: ఆ డబ్బు పెట్టినందుకు ఒక గంట మిగిలి, ఆ గంట నిద్రకో మనుషులకో వెళ్ళిందా? వెళితే ‘టై’. వెళ్ళకపోతే ఎంత అవసరంలా కనిపించినా ‘నీ’. బట్టలు ఉతకడానికి మనిషిని పెట్టుకుని ఆ గంట ఫోన్ చూస్తే అది నీరసమే.

పాత స్టేట్‌మెంటు ఎక్కించేటప్పుడు మొదటి దెబ్బ తగిలింది. యూపీఐ లైటులో పెట్టిన ఖర్చులు బ్యాంకు స్టేట్‌మెంటులో విడివిడిగా రావు, వాలెట్‌లోకి డబ్బు వేసిన వరుస ఒక్కటే వస్తుంది. ఒక్కో చెల్లింపుకు 1,000 దాకా పిన్ను అడగదు, వాలెట్‌లో 5,000 దాకా ఉంచుకోవచ్చు. చిల్లర ఖర్చంతా సరిగ్గా అందులోనే దాక్కుని ఉంది. బ్యాంకు కాగితం చూసి ‘మాకు చిన్న ఖర్చులు లేవు’ అనుకునేవాళ్ళంతా ఒకసారి యాప్‌లోని లైట్ చరిత్ర తెరవాలి.

రెండో దెబ్బ కలగాపులగం. గుంట డీజిలూ, బైకు పెట్రోలూ, ఇంటి కూరగాయలూ ఒకే ఫోన్, ఒకే ఖాతా. రెండు రోజులు విడదీయబోయి వదిలేశాం. వాడకుండా పడి ఉన్న రెండో బ్యాంకు ఖాతాకు వేరే యూపీఐ పిన్ను పెట్టి, ఇంటి ఖర్చంతా దాని నుంచే పోయేలా చేశాం. ప్రతి ఆదివారం అందులోకి 5,000. శనివారం కూలీలకు ఇచ్చే నగదు మాత్రం గుంట ఖాతాలోంచే.

డీఓసీ 1 నుంచి 28

మొదటి నెల అంతా బ్లైండ్ ఫీడింగ్. చార్టు ప్రకారం మేత చల్లడమే, చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో తెలియడానికి నీళ్ళలో దించే పళ్ళెం) చూసి పెంచడం తగ్గించడం ఇంకా మొదలుకాదు. రాత్రి కాపలా మనిషి ఒక్కడు చాలు, గుంట యజమాని ఎనిమిదికల్లా ఇంట్లో ఉంటాడు. అందుకే ఈ 28 రోజులను కొలబద్దగా పెట్టుకున్నాం.

టై 640, నీ 1,180, చు 1,750.

పుస్తకం అడుగున ఇంకో వరుస చేర్చాం: ‘కూర్చున్న ఇళ్ళు’. వారంలో ఎన్ని ఇళ్ళలో అరగంటకు మించి కూర్చున్నారు, లేదా ఎంతమంది వచ్చి వీళ్ళింట్లో కూర్చున్నారు. ఫోన్లు లెక్కలోకి రావు, గుమ్మం దగ్గర నిలబడి మాట్లాడినా రావు. ఈ నాలుగు వారాలకు ఆరు. ఉగాది పచ్చడి రోజుది ఇందులోకి రాదు, అది డీఓసీ 29.

డీఓసీ 33

చెక్ ట్రేలు మొదలు. మేత ఉదయం 6, 10, మధ్యాహ్నం 2, సాయంత్రం 6. ప్రతి మేతకూ రెండు గంటల తర్వాత ట్రే ఎత్తి చూడాలి. అంటే రోజుకు ఎనిమిది సార్లు గట్టు మీద హాజరు. కాగితం మీద చూస్తే మధ్యలో బోలెడు ఖాళీ ఉన్నట్టే ఉంటుంది, కానీ ఆ ఖాళీలన్నీ రెండేసి గంటల ముక్కలు. టౌనుకు వెళ్ళి రావడానికే గంటన్నర పోతుంది. తీరిక లేదంటే గంటలు లేవని కాదు, ఉన్న గంటలు ఒకచోట లేవని. ఈ ముక్కల్లోనే ఫోన్ చేతిలోకి వస్తుంది.

డీఓసీ 47

కరెంటు బిల్లు గడువు దాటింది. డబ్బు లేక కాదు, మర్చిపోయి. క్రెడిట్ కార్డుదీ అంతే, దాని ఆలస్య రుసుము మీద 18 శాతం జీఎస్టీ కూడా పడింది. రెండింటినీ ‘నీ’లో రాశాం. ఆటోపే పెట్టుకోవచ్చు గదా అంటే, పెట్టిన మూడు ఓటీటీలు చూసేవాళ్ళు లేకుండానే కోసుకుపోతున్నాయి. 15,000 లోపు ఆటోపేకు ఓటీపీ అక్కర్లేదు. 24 గంటల ముందు మెసేజీ మాత్రం వస్తుంది. ఆ మెసేజీ ఏరేటర్ (గుంట నీళ్ళకు గాలి పట్టించే యంత్రం) మోటారు కాలిన రోజున వస్తే ఎవరు చూస్తారు? బిల్లులకు ఆటోపే ఉంచి, ఓటీటీలు తీసేశాం.

డీఓసీ 56

రెండో లెక్క: టై 1,420, నీ 2,690, చు 2,300. కూర్చున్న ఇళ్ళు నాలుగు.

డీఓసీ 57 నుంచి 84

పుస్తకం అసలు పనికి వచ్చింది ఇక్కడే.

గుంటలో రొయ్యల బరువు పెరిగింది. రాత్రి తొమ్మిది నుంచి ఏరేటర్లన్నీ తిరగాలి. తెల్లవారుజామున రెండు నుంచి ఐదు మధ్య నీళ్ళలో ఆక్సిజన్ అట్టడుగుకు పోతుంది, ఎందుకంటే రాత్రంతా రొయ్యా పాచీ రెండూ పీలుస్తాయి గానీ ఎండ లేక కొత్తగా తయారయ్యేది ఉండదు. మీటరులో 4 పీపీఎం కంటే దిగితే పరుగే. కరెంటు పోతే జనరేటర్ నిమిషాల్లో అందుకోవాలి. అందుకే కాపలా మనిషి ఉన్నా యజమాని కూడా గట్టు మీదే పడుకుంటాడు.

సరిగ్గా ఇదే నెల వైశాఖం. ఈ ఏడాది జూన్ రెండో వారంలో గురుమౌఢ్యమి, దాని వెనకే ఆషాఢం. పెళ్ళి పెట్టుకోవాలంటే మే నెలే గతి. శుభలేఖలన్నీ ఒక్క కట్టగా వచ్చి పడ్డాయి. ఫిబ్రవరి, మార్చిలో సీడు వేసే ప్రతి ఇంటికీ ఇది తప్పదు. గుంటకు గండమైన రోజులూ మంచి ముహూర్తాలూ ఒకే చోట కూర్చుంటాయి.

లెక్క: టై 2,150, నీ 4,380, చు 8,896. కూర్చున్న ఇళ్ళు ఒకటి.

ముందు నీరసం సంగతి. 4,380లో 3,120 రాత్రి తొమ్మిదికీ ఒంటిగంటకూ మధ్య పోయింది. గంట గడి లేకపోతే ఇది ఎప్పటికీ కనపడేది కాదు. ఇందులో రెండు పాయలు ఉన్నాయి. గట్టు మీద పాయ: ఎనిమిదింటి ట్రే చూశాక తినకుండా కూర్చోవడం, పదకొండుకు ఆకలేసి మెయిన్ రోడ్డు దాకా వెళ్ళి పరోటా, కూల్ డ్రింకు, సిగరెట్టు, తిరిగి వచ్చి నిద్ర పోకుండా ఉండటానికి ఫోన్‌లో షాపింగు. టార్చిలైట్లు మూడు కొన్నారు, గట్టు మీద అప్పటికే రెండు ఉన్నాయి. ఇంటి దగ్గర పాయ: ఒక్కరి కోసం పొయ్యి వెలిగించడం ఎందుకని ఆమె యాప్‌లో తెప్పించుకోవడం. కారం దోసె ధర చిన్నదే. డెలివరీ, ప్లాట్‌ఫాం ఫీజు, ప్యాకింగు కలిపితే దోసెతో పోటీ పడుతున్నాయి. ఇద్దరూ వేరువేరు చోట్ల ఒకే గంటలో ఒకే కారణానికి ఖర్చు పెడుతున్నారు, ఆ సంగతి ఇద్దరికీ తెలియదు.

ఇక చుట్టరికం. 8,896 వివరం ఇదీ: వెళ్ళిన పెళ్ళి ఒకటి, చదివింపు 1,116, చీర 1,400. గృహప్రవేశానికి 516. వెళ్ళలేక ఫోన్‌లో పంపిన చదివింపులు నాలుగు: 1,116, 1,116, 2,116, 1,516. ఈ నాలుగూ కలిపి 5,864.

పాత చదివింపుల పుస్తకం తీసింది ఇక్కడే. ఆ నాలుగు ఇళ్ళవాళ్ళు వీళ్ళింటి శుభకార్యంలో చదివించినది 516, 1,116, 1,116, 516. మొత్తం 3,264. తేడా 2,600. డబ్బు విలువ తగ్గినందుకు కొంత వేసుకోవచ్చు, కానీ వెళ్ళిన పెళ్ళిలో అంత వేయలేదే! వెళ్ళినచోట 1,116తో సరిపోయింది, వెళ్ళనిచోట 2,116 పోయింది. ఇది మొహమాటం మీద కట్టిన వడ్డీ. పోనీ ఆ వడ్డీతో పని జరిగిందా అంటే అదీ లేదు. 2,116 పంపిన ఇంటి నుంచే ‘ఏంది మామా, పెళ్ళికి రాకపోతివే’ అని ఫోన్ వచ్చింది. డబ్బు అందిన మాట చివర్లో వచ్చింది, అదీ అడిగితే.

ఫోన్‌లో పంపిన చదివింపుకు ఇంకో లోపం ఉంది. పెళ్ళిలో బల్ల దగ్గర కూర్చుని రాసేవాడి పుస్తకంలోకి అది ఎక్కదు. పెళ్ళికొడుకు తమ్ముడి ఖాతాలో పడి అక్కడే ఉండిపోతుంది. పదేళ్ళ తర్వాత తిరుగు చదివింపు చూసుకునేటప్పుడు ఆ ఇంటి పేరు ఉండదు. పంపితే ముందురోజే పంపాలి, పుస్తకం రాసే మనిషి ఎవరో కనుక్కుని ఇంటిపేరు, ఊరితో సహా రాయమని చెప్పాలి.

డీఓసీ 85: మార్పులు మొదలు

పంట మధ్యలో కొలవడం ఆపకుండా మూడు మార్పులు పెట్టాం.

మొదటిది తిండి. రాత్రి ఖర్చును తిట్టి లాభం లేదు, పదకొండింటి ఆకలిని ఎనిమిదిన్నరకే కొట్టాలి. సాయంత్రం మేత మనిషితో ఇంటి నుంచి క్యారియర్ వస్తుంది. ఎనిమిదింటి ట్రే ఎత్తగానే తినడం. ఇంట్లో ఎలాగూ ఇద్దరికీ వండాలి కాబట్టి ఆమె యాప్ తీయడం కూడా దానంతటదే పడిపోయింది. పన్నెండింటి రౌండుకు గుడిసెలో మజ్జిగ ఫ్లాస్కు, వేరుసెనగ ఉండలు. మరమరాలు పెట్టి చూశాం, సముద్రపు గాలికి ఒక్క రాత్రిలో మెత్తబడ్డాయి. పాలిథీన్ కవరు పనికిరాదు, మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బా కావాలి, దాన్ని నేల మీద కాదు, వేలాడదీయాలి. మేత బస్తాలున్న చోట ఎలుక లేకుండా ఉండదు.

లైట్ వాలెట్ ఆపేశాం, అందులో ఉన్నది ఖాతాలోకి తిరిగి వచ్చింది. ఇక ప్రతి చెల్లింపుకూ పిన్ను కొట్టాలి. బురద చేత్తో ఆరంకెలు కొట్టడం చికాకు, ఆ చికాకే కావాలి.

రెండోది చదివింపు. పాత పుస్తకంలో ఉన్న అంకె, దాని మీద కాలానికి తగ్గ పెంపు ఎంతో ఇద్దరూ ముందే కూర్చుని ఇంటింటికీ రాసి పెట్టుకున్నారు. ఆ అంకె దాటి అర్ధరాత్రి ఫోన్‌లో పెంచకూడదు. పెళ్ళికి వెళ్ళలేకపోతే పదహారు రోజుల పండుగ లోపు ఒకసారి ఇంటికి వెళ్ళాలి. పెళ్ళి హడావిడిలో పలకరించడానికే తీరదు, పదో రోజున వెళితే కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి ఆల్బం చూపిస్తారు. ఉదయం పదింటి మేత వేశాక ట్రే చూసే పని ఆరోజుకు మనిషికి అప్పగిస్తే పదిన్నర నుంచి ఒకటిన్నర దాకా మూడు గంటలు ఒకచోట దొరుకుతాయి. పగలు, ఎండ ఉన్న రోజున, గుంటకు అంతకంటే భద్రమైన టైము లేదు.

మూడోది పక్క గుంట రైతుతో మార్పిడి కాపలా. ఒక సాయంత్రం ఆయన వీళ్ళ గుంటలు చూస్తాడు, ఇంకో సాయంత్రం వీళ్ళు ఆయనవి. ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, రిసెప్షన్‌కు సరిపోతుంది. వినడానికి తేలిక. కానీ ఒక గుంట బురద ఇంకో గుంటలోకి పోతే వైట్ స్పాట్ వైరస్ జబ్బు కూడా పోవచ్చు. మొదటిసారి ఆయన తన చెక్ ట్రే కర్రతోనే రాబోయాడు, గట్టు మీదే ఆపాం. అప్పటి నుంచి ఎవరి గుంట సామాను అక్కడే, చెప్పులు గట్టు కింద, కాళ్ళు పొటాషియం పర్మాంగనేట్ నీళ్ళ తొట్టిలో. ఆ నీళ్ళు ఊదాగా ఉన్నంతవరకే పని చేస్తాయి. బురద పడి గోధుమరంగుకు తిరిగితే అవి ఉత్త నీళ్ళే, మార్చాలి. మబ్బు పట్టిన రోజుల్లో, పౌర్ణమి అమావాస్యల చుట్టూ పొర విడిచే రోజుల్లో మార్పిడి లేదు. ఏ గుంట రైతూ ఆ రాత్రులు ఇంకొకరికి అప్పగించడు, అడగడం కూడా తప్పే.

గుడిసె తలుపు మీద అట్టముక్క అతికించాం: ఏ ఏరేటర్ ఏ స్విచ్చు, జనరేటర్‌లో డీజిలు ఎంత ఉండాలి, మీటరు 4 దిగితే ముందు ఏం ఆన్ చేయాలి, ఎవరికి ఫోన్. ఎనిమిది వరుసలు. అంతకంటే పొడుగైతే ఎవరూ చదవరు.

డీఓసీ 91

కరెంటు పోతే ఫోన్ చేసే మొబైల్ స్టార్టర్ మోగలేదు. పరికరం బాగానే ఉంది. అందులోని సిమ్ 28 రోజుల ప్యాకు, అయిపోయి మూడు రోజులు. కాపలా మనిషి మెలకువగా ఉండబట్టి సరిపోయింది. 28 రోజుల ప్యాకు అంటే ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జీలు. అందుకే తారీఖు ప్రతిసారీ జరుగుతుంటుంది, గుర్తుండదు. ఆ సిమ్‌కు ఏడాది ప్యాకు వేశాం. ‘టై’లో రాయాలా, గుంట పుస్తకంలో రాయాలా అని కాసేపు వాదన నడిచింది. మనిషి రిసెప్షన్‌కు వెళ్ళగలిగేది ఆ సిమ్ మీద నమ్మకంతోనే కాబట్టి ‘టై’.

డీఓసీ 98

శనివారం కూలీ డబ్బుకు ఏటీఎంకు రెండేసి సార్లు వెళుతున్నట్టు కనిపించింది. ఉచిత లావాదేవీలు దాటితే మే 1 నుంచి ఒక్కోదానికి 23 రూపాయలు, మీద జీఎస్టీ. చిన్న మొత్తమే. శుక్రవారం పగలే ఒక్కసారి తీసేలా మార్చి ముందుకు పోయాం.

డీఓసీ 104: పట్టుబడి

పట్టుబడి అంటే రొయ్యలు పట్టి అమ్మే రోజు. 40 కౌంటు, అంటే కిలోకు 40 రొయ్యలు. గుంట లెక్క గుంట పుస్తకంలో.

ఈ 20 రోజులకు ఇంటి లెక్క: నీ 1,150, చు 2,772, కూర్చున్న ఇళ్ళు ఐదు. నీరసం రోజుకు 156 ఉన్నది 57కు దిగింది, మొదటి నెలలో ఉన్న 42కు రాలేదు, రాదు కూడా. పని అలాంటిది. చుట్టరికంలో కొత్త శుభలేఖలు రెండు, పుస్తకం ప్రకారం 516, 1,116. మిగతా 1,140 నాలుగు ఇళ్ళకు పట్టుకెళ్ళిన పళ్ళు, స్వీట్లు. ఆ నాలుగూ మేలో పెళ్ళికి వెళ్ళలేకపోయిన ఇళ్ళే. మూడింటికి పదహారు రోజుల లోపే వెళ్ళారు, నాలుగోదానికి గడువు దాటాక ఊరకే వెళ్ళారు, ఆ ఇంట్లోనే ఎక్కువసేపు కూర్చున్నారు. ఐదోది మార్పిడి సాయంత్రం వెళ్ళిన రిసెప్షన్.

పట్టుబడి తర్వాత

ఇక్కడ ముందే అడ్డుకట్ట వేసి ఉండాల్సింది. డబ్బు చేతికి వచ్చిన మూడో రోజునే ఫోన్ మారింది, ఫ్రిజ్‌కు అడ్వాన్సు పోయింది. నాలుగు నెలలు నిద్ర మానుకున్న మనిషికి ‘నాకేం మిగిలింది’ అనిపించడం సహజమే, కానీ మేత డీలరు బాకీ ఇంకా కట్టలేదు. వచ్చే పంటకు రాసుకున్న పద్ధతి: బాకీలు తీరేదాకా పట్టుబడి డబ్బు ఇంటి ఖాతాలోకి రాదు, కొనాలనుకున్న వస్తువు పేరు పుస్తకం చివరి పేజీలో రాసి పది రోజులు ఆగాలి. అడ్వాన్సు ఇచ్చిన ఫ్రిజ్ మాత్రం వచ్చేసింది.

గుంట ఎండబెట్టే రోజులు మొదలయ్యాయి. ఇవే ఈ ఇంటికి అసలు సెలవులు. వాయిదా వేసినవన్నీ ఇందులోకి తోశాం: తిరుమల, పంటి డాక్టరు, ఇద్దరు పాత స్నేహితులు. జూలై మొదటి వారంలో బారాషహీద్ దర్గా రొట్టెల పండుగ పడింది. కావలి నుంచీ ఒంగోలు నుంచీ వచ్చే చుట్టాలకు స్వర్ణాల చెరువు ఎలాగూ రావాల్సిన చోటే, వాళ్ళంతా వీళ్ళింట్లోనే దిగారు. నాలుగు రోజుల్లో ‘ఇ’ ఖర్చు రెట్టింపు అయింది, చేపల పులుసే రెండుసార్లు. కూర్చున్న ఇళ్ళ గడిలో పదకొండు అని రాసి, పక్కన మనుషుల సంఖ్య రాయడానికి చోటు చాలక వదిలేశాం.

రెండో పంట, డీఓసీ 9

కొత్త పుస్తకం. అక్షరాలు అవే. గంట గడి వెడల్పు పెంచాం. ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టిక్కెట్టు డబ్బు లేదు, అందుకని ఆమె చుట్టాల ఊళ్ళకు వెళ్ళిన రోజు ‘చు’లో బస్సు దగ్గర సున్నా అనే రాస్తున్నాం, గడి ఖాళీగా వదలకుండా. ఈ పంటలో ముదిరే రోజులు కార్తీకంలో పడతాయి. మళ్ళీ ముహూర్తాలే. చదివింపుల పట్టీ ఇప్పటికే మొదటి పేజీలో అతికించి ఉంది; మార్పిడి కాపలాకు పక్క గుంట ఆయన ఇంకా సీడు వేయలేదు.